పడక నుంచి నడకకు: నడుం నొప్పి చరిత్ర

2024 జనవరిలో ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తుంటే ఉన్నట్టుండి నడుం పట్టేసింది. పార అక్కడే పడేసి, గోడ పట్టుకుని లోపలికి వచ్చాను. ఇండియాకి ఫోన్ చేస్తే అమ్మ కంగారుపడింది. "కదలకుండా పడుకో నాన్నా, మీ నాన్నగారి సంగతి గుర్తుంది కదా" అంది.

గుర్తు లేకేం! 1985లో, నా చిన్నప్పుడు, నీళ్ళ బిందె ఎత్తబోయి నాన్నగారి నడుం పట్టేసింది. డాక్టరుగారు ఆరు వారాలు కదలకుండా పడుకోమన్నారు. పరుపు తీసేసి చెక్కబల్ల వేశారు. నాన్నగారు ఆ మాట అక్షరాలా పాటించారు. నొప్పి తగ్గింది గానీ భయం తగ్గలేదు. మళ్ళీ సైకిలెక్కలేదు. మా చెల్లెల్ని ఎత్తుకోలేదు. "నా నడుం పోయిందిరా" అనడం అలవాటైపోయింది.

ఇక్కడ నన్ను చూసిన డాక్టరమ్మ మాత్రం కాళ్ళు ఎత్తించి, వంచి చూసి, "స్కాన్ అక్కర్లేదు, వెళ్ళి నడవండి" అంది. ఒకటే నొప్పికి ఇద్దరు చదువుకున్నవాళ్ళు ఇంత తేడాగా ఎలా చెప్పారు? నేను డాక్టర్ని కాను, ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. ఆ ప్రశ్న పట్టుకుని చదివితే తెలిసిన కథ ఇది.

నడుం నొప్పి కొత్త జబ్బేం కాదు. ఈజిప్టులో దొరికిన ఎడ్విన్ స్మిత్ పపైరస్ సుమారు క్రీ.పూ. 1600 నాటిది. అందులోని 48 కేసుల్లో చివరిది వెన్ను బెణుకు. రోగిని కాళ్ళు చాపి ముడవమంటే నొప్పికి వెంటనే ముడిచేస్తాడని రాసి, వెల్లకిలా పడుకోబెట్టమని చెప్పి, వైద్యం మొదలెట్టేలోపే వాక్యం సగంలో ఆగిపోతుంది. ఆ వాక్యం సరిగ్గా పూర్తి చెయ్యడానికి మనుషులకి మరో మూడున్నర వేల ఏళ్ళు పట్టింది!

మన చరక, సుశ్రుత సంహితల్లో తుంటి నుంచి కాల్లోకి పాకే నొప్పికి గృధ్రసి అని పేరు. గృధ్రం అంటే రాబందు. ఆ నొప్పి ఉన్నవాడి నడక రాబందు నడకలా ఉంటుందని ఆ పేరు వచ్చిందంటారు. ఇటలీలో 1764లో డొమెనికో కొతూన్యో అనే వైద్యుడు ఈ కాలినొప్పి నరానికి సంబంధించిందని, తుంటి కీలు నొప్పి వేరని విడదీసి చెప్పాడు.

19వ శతాబ్దంలో కథ మలుపు తిరిగింది. లండన్లో జాన్ హిల్టన్ అనే సర్జన్ 1863లో విశ్రాంతి, నొప్పి గురించిన తన ఉపన్యాసాలు పుస్తకంగా తెచ్చాడు. గాయం మానాలంటే విశ్రాంతి కావాలన్నది అందులోని సారం. 1866లో ఎరిక్సెన్ అనే మరో సర్జన్ రైలు ప్రమాదాల్లో వెన్నుకి తగిలే దెబ్బల గురించి రాశాడు. నష్టపరిహారం దావాల్లో ఆ రాతలు బాగా నలిగాయి. నడుం నొప్పి అంటే గాయం, గాయానికి మందు పడక అనే ఆలోచన బలపడింది. 1895లో ఎక్స్‌రే వచ్చింది. 1934లో బోస్టన్ సర్జన్లు మిక్స్టర్, బార్ వెన్నుపూసల మధ్య డిస్క్ చిట్లి నరాన్ని నొక్కగలదని చూపించారు. అది నిజమే, గొప్ప విషయమే. కానీ ఆ తరువాత నడుం పట్టిన ప్రతివాడికీ "డిస్క్ జారింది" అనడం మామూలైపోయింది. నిజానికి డిస్క్ పూసల మధ్య గట్టిగా అతుక్కుని ఉంటుంది, సబ్బుబిళ్ళలా జారిపోదు.

మంచం వైద్యం మీద అనుమానం ముందే మొదలైంది. 1947లోనే రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు రోగుల్ని మంచాన పడెయ్యడంలోని ప్రమాదాల గురించి హెచ్చరించాడు. లెక్క తేలింది మాత్రం 1986లో. అమెరికాలో రిచర్డ్ డేయో బృందం 203 మంది రోగుల్లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక చెప్పింది. రెండు రోజుల వాళ్ళు పనికి పోని రోజులు 45 శాతం తక్కువ. మిగతా విషయాల్లో తేడా లేదు. నాన్నగారు బల్ల ఎక్కిన మరుసటి ఏడే ఇది అచ్చయింది! 1995లో హెల్సింకి నగర ఉద్యోగుల మీద జరిగిన పరిశోధనలో, పడుకున్నవాళ్ళ కంటే ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు.

ఇక స్కాన్ల సంగతి. 1994లో అసలు నడుం నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే 52 శాతం మందిలో కనీసం ఒక డిస్క్ ఉబ్బి కనిపించింది. ప్రోగ్రామర్లకి ఇది తెలిసిన గొడవే. కోడ్‌లో ఒక తప్పు కనపడినంత మాత్రాన ప్రోగ్రాం ఆగిపోయింది దాని వల్లేనని చెప్పలేం. స్కాట్లాండ్ సర్జన్ గోర్డన్ వాడెల్ 1987లో ఇంకో అడుగు ముందుకు వేసి, నడుం నొప్పిని పూసల్లోనే కాక మనిషి నమ్మకాల్లో, భయాల్లో కూడా వెతకాలన్నాడు. అది చదివినప్పుడు నాకు నాన్నగారి సైకిలు గుర్తొచ్చింది.

2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన నడక గురించే. నొప్పి తగ్గిన 701 మందిలో, పద్ధతిగా నడక మొదలెట్టిన వాళ్ళకి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావాళ్ళకి 112.

ఒక్క హెచ్చరిక. నడుం నొప్పితో పాటు మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఇదివరకు క్యాన్సర్ వచ్చినా, పెద్ద దెబ్బ తగిలినా నడకతో సరిపెట్టుకోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నేను మూడో రోజు నుంచి వీధి చివరిదాకా నడిచాను. నాలుగు వారాల్లో మామూలు మనిషినయ్యాను. మా ఊరి డాక్టరుగారి తప్పేం లేదు, ఆనాటికి ఆయన చదివింది ఆయన చెప్పారు. ఇదంతా ఫోన్లో వివరంగా చెబితే నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఆ సైకిలు ఉంచుకోవాల్సిందిరా" అన్నారు.

వారం తరువాత అమ్మ చెప్పింది, రోజూ సాయంత్రం బజారుదాకా నడిచి వెళ్ళి కూరలు ఆయనే తెస్తున్నారట.