హద్దు రాయి దగ్గర ఆగిపోయే పటం

మన గుంపులో రెండు వారాలుగా ఒకటే చర్చ. మన పిల్లలు పావగడ తాలూకాలో చెరువులు, కుంటలు, పాత బావులు, గుళ్ళు ఫోనులో గుర్తుపెట్టి పటం తయారు చేస్తున్నారు. అవతల రొద్దం, మడకశిర వైపు మిత్రులు ఆ ఫైలు అడుగుతున్నారు. ఇవ్వాలా, మన దగ్గరే ఉంచుకోవాలా? ఇవ్వాలనే నేనంటాను. ఎందుకో చెప్పాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి పోవాలి.

1799లో టిప్పు పడిపోయాక మైసూరు రాజ్యం సర్వే పనిని కాలిన్ మెకంజీకి అప్పగించారు. మరుసటి ఏడు నిజాం కంపెనీకి వదిలిన దత్తమండలాలు థామస్ మన్రో చేతికి వచ్చాయి. పటం తీసి చూడండి, మన తాలూకా మూడు వైపులా అనంతపురం సీమలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. అంటే ఇవతల పొలం ఒకరి లెక్కలో, గట్టు దాటితే ఇంకొకరి లెక్కలో. ఇవతల షానుభోగు, అవతల కరణం. (మా బళ్ళో ఈ ఉద్యోగాన్నే కణక్కుప్పిళ్ళై అని చదువుకున్నాం. పేరు మారినా పద్దు ఒకటే.)

మెకంజీ కొలతలతో ఆగలేదు. ఊరి చరిత్ర, శాసనాలు, కరణాల దగ్గరి దండకవిలెలు, అన్నీ రాయించాడు. ఆ పని నడిపింది మన తెలుగువాళ్ళే. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లోనే పోయాడు, లక్ష్మయ్య మిగతా పని మోశాడు. వీళ్ళ మనుషులు వచ్చి రాతలు చూపించమంటే ఊళ్ళల్లో అనుమానంగా చూసేవాళ్ళు. ఇనాము భూముల సంగతి బయటపడుతుందని, శిస్తు పెరుగుతుందని భయం. అది ఉత్త భయం కాదు. అవతల మన్రో పొలం పొలం కొలిపించింది శిస్తు కట్టడానికే కదా.

1815లో మెకంజీ దేశానికంతటికీ మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో పోయాడు. ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. ఆయనకు అప్పగించలేదు. కాగితాలు కొన్ని లండన్‌కు, కొన్ని మద్రాసుకు చేరాయి. చెప్పిన ఊరికి మాత్రం ఒక నకలు కూడా తిరిగి రాలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. సమాచారం ఇవ్వడం తప్పు కాదు, ఒకే దిక్కుగా పోవడమే తప్పు.

స్వతంత్రం వచ్చాక కూడా పటాలు బీరువాల్లోనే ఉన్నాయి. 2005 జాతీయ పటాల విధానంలో సైన్యానికి ఒక వరుస, జనానికి ఒక వరుస అని విడదీశారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం చాలా అనుమతులు ఎత్తేసింది. ఇప్పుడు దిశాంక్ యాప్ తెరిస్తే మనం నిలబడిన చోటి సర్వే నంబరు చెబుతుంది. మెచ్చుకోవాల్సిన పనే. కానీ కర్ణాటక హద్దు దాటితే అది మూగ. అవతల ‘మీ భూమి’ వేరే.

ఏరు హద్దు చూసుకోదు. పెన్న నందికొండల దగ్గర పుట్టి హిందూపురం వైపు ఆంధ్రలోకి పోతుంది, మళ్ళీ మన నాగలమడికె దగ్గర ఇటు వచ్చి, పేరూరు ఆనకట్ట వైపు అటే పోతుంది. మన ఫైలులో నాగలమడికె ఉంటుంది, పేరూరు ఉండదు. వాళ్ళ ఫైలులో పేరూరు ఉంటుంది, పైనుంచి నీళ్ళు ఎలా వస్తాయో ఉండదు. సగం ఏరు పటంతో ఎవరికి ఏం లాభం?

ఇంకో తొందర కూడా ఉంది. తిరుమణి, వళ్ళూరు చుట్టూ అయిదు ఊళ్ళల్లో దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. ఉపగ్రహం ఫోటోలో ప్యానెళ్ళే కనిపిస్తాయి. వాటికి ముందున్న బండిబాటలు, పొలాల పేర్లు చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. ఎన్నాళ్ళుంటారు?

అందుకని నా మాట: మన పటాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెడదాం. 2004లో ఇంగ్లండులో మొదలైన పటం అది. ఎవరైనా వాడుకోవచ్చు, మూలం చెప్పాలి, దాని ఆధారంగా చేసిన డేటాను బయటికిస్తే అదే షరతుతో ఇవ్వాలి. లక్ష్మయ్య కాలంలో ఈ షరతు లేదు. ఒకే ఊరికి తెలుగు పేరు, కన్నడ పేరు విడివిడిగా రాసే వీలు కూడా ఉంది, మన తాలూకాకు ఇంతకంటే ఏం కావాలి. గూగుల్ పటం చూసి మాత్రం కాపీ కొట్టకండి, అక్కడ ఒప్పుకోరు. పట్టాదారు పేర్లు, ఫోను నంబర్లు అస్సలు పెట్టొద్దు. కరణాల భయంలో నిజం ఇంకా ఉంది.

అవతలి మిత్రులకు స్క్రీన్‌షాట్ పంపకండి, అసలు ఫైలే పంపండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చోటు వివరం ఊడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ముందుగా నాగలమడికె నుంచి పేరూరు దాకా ఏటి వెంబడి పూర్తి చేద్దాం. ఆ దారిలో ఊళ్ళు, కుంటలు తెలిసినవాళ్ళు కింద రాయండి. ఒకే చోటికి రెండు పేర్లుంటే రెండూ రాయండి.