నెట్ స్పీడు చేసిచ్చిన రోజులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని మేం సీటీసీ అంటాం. విండోస్ ఎక్స్‌పీ నడిచిన కాలంలో నేనక్కడ అసెంబ్లింగ్, సర్వీసు పని చేసేవాణ్ణి. ఓఎస్ వేసి, డ్రైవర్లు ఎక్కించి సీపీయూ అప్పగించబోతుంటే కస్టమర్ నోట తప్పకుండా వచ్చే మాట: "అన్నా, నెట్ కూడా జర స్పీడ్ చేసియ్యి."

అంతకు ముందు డయలప్ కాలం. 56కె మోడెం మీద సెకనుకు నాలుగైదు కిలోబైట్లు దిగితే అదే గొప్ప. విండోస్ 95 రిజిస్ట్రీలో ప్యాకెట్ సైజును, అంటే ఎంటీయూని, 1500 నుంచి 576కి దించేవాళ్లం. లైన్లో గరగర వచ్చి ప్యాకెట్ పాడైతే మళ్లీ పంపాల్సింది తక్కువ ఉంటుందని. పాత ఫోన్ వైర్ల మీద దానివల్ల కాస్త లాభం ఉండేది.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. స్పీడు 256 కేబీపీఎస్. ఈ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కలిసే పీపీపీఓఈ పద్ధతిలో నడిచేది. దాని హెడర్‌కే 8 బైట్లు పోతాయి కాబట్టి 1500లో మిగిలేది 1492. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో పింగ్ కొడితే 1472 దగ్గర ఎర్రర్ వచ్చేది. తగ్గించుకుంటూ పోతే 1464 దగ్గర రిప్లై మొదలయ్యేది. దానికి మరో రెండు హెడర్ల 28 బైట్లు కలిపితే సరిగ్గా 1492. ఈ లెక్క కుదరని సిస్టంలో కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోయేవి. సరిచేస్తే తెరుచుకునేవి.

పనికిరాని చిట్కాలూ బాగానే చెలామణి అయ్యాయి. విండోస్ 20 శాతం బ్యాండ్‌విడ్త్ తన కోసం దాచుకుంటుందని, గ్రూప్ పాలసీలో దాన్ని సున్నా చేయాలని ఊరంతా ప్రచారం. నిజానికి ఏదైనా ప్రోగ్రాం ప్రత్యేకంగా అడిగితేనే ఆ వాటా పక్కన పెడుతుంది, అడగకపోతే మొత్తం మనదే. మైక్రోసాఫ్టే ఈ సంగతి చెప్పినా జనం వినలేదు.

అసలు విషయం 2007 జనవరిలో తేలింది. ఆ నెల డేటావన్ స్పీడును 2 ఎంబీపీఎస్ దాకా పెంచారు, అంటే సెకనుకు 250 కిలోబైట్లు. కానీ ఎక్స్‌పీ అవతలి సర్వర్ నుంచి ఒక విడతకు తీసుకునేది సుమారు 17 కిలోబైట్లు. అవి అందాయని కబురు వెళితే గానీ తర్వాతి విడత కదలదు. అమెరికా సర్వర్‌కి కబురు వెళ్లి రావడానికి 300 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, లైను ఎంత పెద్దదైనా ఒక డౌన్‌లోడ్‌కి సెకనుకు 57 కిలోబైట్లు మించవు. ఫ్లాష్‌గెట్ లాంటి డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్లు ఒకే ఫైల్‌ని నాలుగైదు కనెక్షన్ల మీద లాగి ఈ ఇబ్బందిని దాటేవి. మేం రిజిస్ట్రీలో ఈ విడత పరిమాణాన్ని, అంటే టీసీపీ విండో సైజ్‌ని, 64 కిలోబైట్ల దగ్గరికి పెంచేవాళ్లం. అప్పుడు అదే ఫైల్ రెండొందలు దాటేది. కస్టమర్ కళ్లముందే తేడా కనిపించేది. అదే పని 256 కేబీపీఎస్ లైన్ మీద చేస్తే పూచికపుల్లంత తేడా ఉండదు, ఎందుకంటే ఆ లైన్ పట్టేదే సెకనుకు 32 కిలోబైట్లు.

విచిత్రమేంటంటే విండోస్ విస్టా కూడా మార్కెట్‌లోకి వచ్చింది ఆ నెలలోనే. దూరాన్నీ స్పీడునీ బట్టి విండో సైజుని అదే సర్దుకుంటుంది. 64 కిలోబైట్లు దాటించే విండో స్కేలింగ్ పద్ధతి 1992లోనే కాగితం మీద ఉంది, విండోస్‌లో ఇలా దానంతటదే సర్దుకోవడానికి ఇంతకాలం పట్టింది. జనం ఎక్స్‌పీని వదల్లేదు కాబట్టి మా పని ఇంకొన్నేళ్లు సాగింది.

ఇప్పటికీ స్పీడ్ బూస్టర్ అంటూ సాఫ్ట్‌వేర్లు అమ్ముతున్నారు. కొనకండి. ముందు రౌటర్ నుంచి సిస్టంకి లాన్ కేబుల్ పెట్టి స్పీడు చూడండి. అక్కడ బాగుంటే తంటా వైఫైది, అక్కడా తక్కువుంటే కంప్లైంట్ పెట్టాల్సింది కనెక్షన్ ఇచ్చినవాళ్లకి.