అహమ్మదాబాదు మగ్గాలు చెప్పిన సంగతి

యంత్రాలు కొత్తవి. పనివారు అనుభవం గలవారే. అయినా గుడ్డ అనుకున్నంత రావడం లేదు, వచ్చిన దానిలోనూ పాడైనదే ఎక్కువ. లోపం ఎక్కడున్నదంటారు?

అహమ్మదాబాదులోని కాలికో మిల్లుల యాజమాన్యాన్ని 1950ల మొదట్లో వేధించిన ప్రశ్న ఇదే. తమ జూబిలీ మిల్లులో వారు ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. ఫలితం కనిపించలేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థ పరిశోధకుడు ఎ.కె. రైస్ 1953లో వచ్చి ఆ షెడ్డును పరిశీలించాడు.

ఆయన చూసిన దృశ్యాన్ని మీరూ ఊహించుకోండి. 224 మగ్గాలు, 29 మంది మనుషులు, 12 రకాల పనులు! నేతగాడి పని తెగిన పోగులు అతకడం. కండెలు నింపేది మరొకరు, నూనె వేసేది ఇంకొకరు, ఊడ్చేది వేరొకరు. పైగా ఒక్కొక్కరి లెక్క ఒక్కో తీరు. నేతగాడు 24 లేదా 32 మగ్గాలు చూస్తే, కండెలు నింపేవాడు 40 నుంచి 50 చూస్తాడు. కాబట్టి ఎవరు ఎవరికి తోడో తెలియదు. గుడ్డ చెడితే తప్పెవరిదో తేలదు.

మీలో చేనేత ఇళ్ళను చూసినవారికి తేడా వెంటనే తడుతుంది. అక్కడ పడుగు సిద్ధం చేయడం మొదలు బట్ట దింపేదాకా ఇంటిల్లిపాదీ ఒకే పని మీద ఉంటారు. ఇది మేము నేసిన బట్ట అని చెప్పుకోగలరు. షెడ్డులో ఆ మాట అనగలవారు ఒక్కరూ లేరు.

రైస్ సూచన చాలా మామూలుగా కనిపిస్తుంది: 64 మగ్గాలను ఏడుగురి జట్టుకు పూర్తిగా అప్పగించాలి. ఆశ్చర్యమంతా తరువాత జరిగినదానిలోనే ఉంది. సంగతి చెవిన పడగానే పనివారే దాన్ని అందుకున్నారు. ఎవరు ఏ జట్టులో ఉండాలో తమలో తామే ఎంచుకున్నారు. నాది కాదన్న పనికి కూడా చేయి సాయం చేశారు. మొదట్లో కొంత తడబాటు లేకపోలేదు. తరువాత ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే గుడ్డ తగ్గింది.

అయితే జట్లతోపాటే కూలి ఏర్పాటూ మారింది. అందుచేత ఫలితమంతా తృప్తి వల్లనే వచ్చిందని అనలేం. ఈ విషయమై పరిశోధకులు తరువాత వాదించుకున్నారు కూడా.

1970లో టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ ఆ మిల్లుకు తిరిగి వెళ్ళాడు. కొన్ని షెడ్లలో జట్టు పద్ధతి చాలావరకు సడలిపోయి, పై అధికారుల అజమాయిషీ పెరిగింది. ఒకచోట మాత్రం, ఇన్నేళ్ళ తరువాత కూడా, జట్లు చెక్కుచెదరకుండా నేస్తూనే ఉన్నాయి.