ఫైబర్‌నెట్: మల్టీకాస్ట్ పంపిణీ చరిత్ర

ఎక్స్ఛేంజి నుంచి ఒకే గాజు పోగులో బయల్దేరిన వెలుతురు స్ప్లిట్టర్ దగ్గర చీలి 32 లేదా 64 ఇళ్లకు చేరే ఏర్పాటును పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్ అంటారు. స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు. 1987లో బ్రిటిష్ టెలికాం పరిశోధకులు ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. ఈ నెట్‌వర్క్‌ల కోసం 2003లో వచ్చిన జీపాన్ ప్రమాణం ఇళ్ల వైపు సెకనుకు 2.5 గిగాబిట్ల వేగాన్ని ఇచ్చింది.

టీవీకి ఈ ఏర్పాటు అచ్చంగా సరిపోయింది. స్ప్లిట్టర్ నుంచి వచ్చే వెలుతురు ఎటూ అన్ని ఇళ్లకూ ఒకేలా చేరుతుంది కనుక, ఒక చానెల్‌ను ఎంతమంది చూస్తున్నా పోగులో ఒక్క ప్రతి పంపితే చాలు. ఇదే మల్టీకాస్ట్. దీని నియమాలను 1989లో స్టీవ్ డీరింగ్ రాసిపెట్టారు. ఇంట్లోని బాక్సు తనకు కావలసిన చానెల్ గుంపులో చేరుతానని కబురు పంపుతుంది. ఎవరూ అడగని చానెల్ పోగులోకే రాదు. చానెల్‌కు 4 మెగాబిట్ల చొప్పున లెక్కేసుకున్నా, 250 చానెళ్లూ ఒక్క గిగాబిట్‌లో ఇమిడిపోతాయి.

అయితే చీలికలు పెరిగే కొద్దీ ఒక్కో ఇంటికి చేరే వెలుతురు తగ్గుతుంది. నీటి పంపకంలోనూ ఇదే చిక్కు. బద్వేలుకు చేరువలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెప్పింది. నీళ్లు కొంచెం, సాగు నేల ఎక్కువ కావడం అందులో ఒకటి. ఇంటర్నెట్ ఇంజనీరుకూ ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

ఇక పోగు తెగడం సంగతి. ఎక్స్ఛేంజికీ స్ప్లిట్టర్‌కూ మధ్య పోగు ఒక్కటే అయితే, అది తెగిన నాడు ఆ ఇళ్లన్నీ చీకటే. జీపాన్ ప్రమాణంలోని 'టైప్ బి' పద్ధతిలో ఆ భాగాన్నీ, ఎక్స్ఛేంజిలోని పరికరాన్నీ రెండేసి పెడతారు. ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. 'టైప్ సి'లో ఇంటి దాకా అంతా జంటే. ఖర్చు దాదాపు రెట్టింపు కనుక ఇళ్లకు అది గిట్టుబాటు కాదు.

ఈ ఏర్పాటునే వాడుకునే ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ 2015లో ఏర్పడింది. 2016 డిసెంబరులో అప్పటి తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామంలో సేవలు మొదలయ్యాయి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రవ్యాప్త సేవలను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగడం వల్లే తొలి దశ 333 కోట్ల అంచనాలో ఇమిడింది. పని వేగంగా సాగింది, నిజమే. కానీ స్తంభం కూలితే కరెంటుతోపాటు టీవీ, ఫోను, ఇంటర్నెట్ కూడా ఒక్కసారే పోతాయి.