రస్తఫారీ ఇంటి పెంపకం: జమైకాలో ఒక విశ్వాసం బిడ్డలకు అందిన తీరు

రస్తఫారీ విశ్వాసం పెద్దల మతంగా పుట్టింది. 1930 నవంబర్ 2న ఇథియోపియాలో రాస్ తఫారీ మకొన్నెన్ హైలే సెలాసీ అన్న పేరుతో చక్రవర్తిగా పట్టాభిషిక్తుడైనప్పుడు, ఆ వార్తలో బైబిల్ ప్రవచనాల నెరవేర్పును చూసిన జమైకా నల్లజాతి పేదలు, 1933 నుంచి లెనార్డ్ హోవెల్ వంటి బోధకుల మాటలు విని, తాము పెరిగిన బాప్టిస్టు సంఘాలనూ, క్రైస్తవ ఆరాధనలో ఆఫ్రికా పూనకాలు కలిసిపోయిన రివైవల్ సంఘాలనూ విడిచి ఈ దారిలోకి వచ్చారు. మొదటి తరంలో రస్తఫారీ ఇంట పుట్టినవారు ఒక్కరూ లేరు కనుక, పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పగల తాతముత్తాతల అనుభవం వారికి లేదు. ఈ ఉద్యమ చరిత్రను రాసినవారు దాని సంగీతం గురించీ గంజాయి గురించీ విస్తారంగా రాశారే గాని, ఆ విశ్వాసాన్ని రెండో తరానికి, మూడో తరానికి చేర్చిన వంటింటినీ వాకిలినీ తగినంతగా పట్టించుకోలేదు.

ఆ పెంపకానికి తొలి స్థావరం పినకిల్. సెయింట్ కేథరిన్ జిల్లాలోని స్లైగోవిల్ దగ్గరి కొండల్లో 1940లో హోవెల్ నెలకొల్పిన ఈ ఊళ్లో, బొగ్గు కాల్చి, దుంపలూ గంజాయీ పండించి బతికిన కుటుంబాల నడుమ, చుట్టూ ఉన్నవారందరూ తమవారే అయిన చోట పిల్లలు పెరిగారు. 1941లో మొదలైన పోలీసు దాడులు 1954లో ఆ ఊరిని చెల్లాచెదురు చేయగా, కొండమీది పిల్లలు చాలామంది కింగ్‌స్టన్ మురికివాడలకు చేరారు. ఒక ఊరంతా కలిసి మోసిన పెంపకం అప్పటినుంచి విడివిడి ఇళ్ల బాధ్యత అయింది.

ఆ బాధ్యతకు రస్తఫారీలు వాడే మాట లివిటీ. తిండి, జుట్టు, మాట, ప్రార్థన, మట్టితో సంబంధం అన్నీ కలిసిన జీవన విధానాన్ని ఈ మాట సూచిస్తుంది. బిడ్డకు దీన్ని పాఠంలా చెప్పరు, దానిలో ఉంచి పెంచుతారు. ఇథియోపియా పేర్లు పెట్టడం, బిడ్డ బొడ్డుతాడును పాతి దానిపై చెట్టు నాటే జమైకా పల్లెల పాత ఆచారాన్ని కొనసాగించడం, నవంబర్ 2న పట్టాభిషేకాన్నీ, జనవరి 7న ఇథియోపియా క్రిస్మస్‌నూ, జులై 23న చక్రవర్తి జన్మదినాన్నీ పండుగలుగా జరుపుకోవడం ఇందులో భాగాలు. ఇరుగుపొరుగు పిల్లలకు పండుగ కాని రోజున తనకు పండుగ కావడం బిడ్డకు తాను వేరన్న ఎరుకను చాలా చిన్న వయసులోనే కలిగిస్తుంది.

అయితే రస్తఫారీలందరి పెంపకం ఒకటే అనుకోవడం పొరపాటు. వారు మాన్షన్లు అని పిలుచుకునే శాఖల్లో, 1958లో ప్రిన్స్ ఇమాన్యుయేల్ ఎడ్వర్డ్స్ స్థాపించిన బోబో అషాంటీ శాఖ అన్నిటికన్నా కఠినమైనది. బుల్ బే కొండపై చీపుళ్లు కట్టి అమ్ముకుంటూ బతికే ఈ సమాజంలో శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం వరకు సబ్బాతును పాటిస్తారు, స్త్రీల శౌచ నియమాలను లేవీయకాండం నుంచి తీసుకుంటారు. 1968లో వెర్నన్ కారింగ్టన్ స్థాపించిన ట్వెల్వ్ ట్రైబ్స్ శాఖలో జడలు కట్టిన జుట్టు తప్పనిసరి కాదు. అక్కడ బిడ్డ పుట్టిన నెలను బట్టి ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఒకటి వస్తుంది, రోజుకొక బైబిల్ అధ్యాయం చదవడం నియమం.

వంటింట్లో ఈ విశ్వాసం దగ్గరగా కనిపిస్తుంది. ఐటల్ అన్న పేరుతో వ్యవహరించే రస్తఫారీ ఆహారంలో పంది మాంసం నిషిద్ధం, డబ్బా తిండికి చోటు లేదు, నిష్ఠగల ఇళ్లలో ఉప్పు కూడా వేయరు. కొబ్బరి తురిమి పిండిన పాలు పొయ్యిమీద మరుగుతుండగా ఎర్రచిక్కుళ్లూ, పెండలం ముక్కలూ, మన తోటకూర జాతికే చెందిన కలలూ ఆకూ వేసి, ఉల్లికాడలతోపాటు కారం మిరపకాయను చిదపకుండా నిండుగానే పైన ఉంచుతారు. దాని వాసన దిగుతుంది గాని కారం పగిలి కూరలోకి రాదు కనుక అదే కుండలోంచి పసిబిడ్డకూ పెట్టవచ్చు. కాయ పగలకముందే దాన్ని ఎప్పుడు తీయాలో కనిపెట్టడం సున్నితమైన పని.

చర్చలో కూర్చోబెట్టడం మరో శిక్షణ. రీజనింగ్ అనే ఈ సభలో పెద్దలు చుట్టూ కూర్చుని గ్రంథాన్నీ లోకాన్నీ గంటల తరబడి తర్కిస్తారు. మూడు రకాల న్యాబింగి మద్దెలలు, అంటే బాస్, ఫుండే, రిపీటర్, మోగుతుంటే పిల్లలు వాటి లయను చూసి నేర్చుకుంటారు. ఇక్కడొక అన్యాయాన్ని చెప్పకుండా దాటిపోవడం సరికాదు: పిల్లల భారమంతా తల్లులు మోసినా సభలో మాట మాత్రం చాలాకాలం మగవారిదే. మౌరీన్ రో 1980లో రస్తఫారీలో స్త్రీ స్థానంపై వ్యాసం రాసేనాటికి, ఈ విశ్వాసం నిలిచింది తల్లుల వల్లనే అయినా ఆ సంగతి పెద్దగా నమోదు కాలేదు.

ఇంటి బయట మొదట ఎదురయ్యే అధికారం బడి. 1962 దాకా బ్రిటిష్ వలసగా ఉన్న ద్వీపంలో ఇంగ్లండ్ రాజుల కథలు చెప్పి ఆఫ్రికాను చీకటి ఖండంగా చూపిన చదువును, చాలామంది తల్లిదండ్రులు బబులోను చదువుగా, అంటే అణచివేసే లోకపు చదువుగా భావించి, కొందరు పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకుని చదివించారు. అధికారం పట్ల ఆ అపనమ్మకం ఊరకే పుట్టింది కాదు. 1963 ఏప్రిల్‌లో కోరల్ గార్డెన్స్ దగ్గర జరిగిన ఘర్షణలో ఎనిమిది మంది చనిపోయిన తరువాత, పోలీసులు ద్వీపమంతటా రస్తఫారీలను పట్టుకుని కొట్టి జడలు కత్తిరించారు. తండ్రుల తలలు బలవంతంగా గొరిగిన దృశ్యాన్ని చూసిన పిల్లలు తరువాత తల్లిదండ్రులయ్యారు. ప్రభుత్వం ఇందుకు క్షమాపణ చెప్పింది 2017లో.

జడలు మాత్రం మొదటినుంచీ ఉన్నవి కావు. 1940ల చివర యూత్ బ్లాక్ ఫెయిత్ అన్న యువకుల బృందం వాటికి ప్రాచుర్యం తెచ్చిందని బారీ షెవాన్ పరిశోధన చెబుతుంది. తలపై మంగలి కత్తి పెట్టరాదన్న సంఖ్యాకాండం ఆరో అధ్యాయపు నాజీరు వ్రతం వాటికి ఆధారం. వ్రతం పెద్దలు తీసుకునేది, జుట్టు మాత్రం పుట్టుకనుంచి పెరిగేది. అందువల్ల బిడ్డ ఎన్నుకోని ప్రతిజ్ఞ గుర్తు బిడ్డ తలపైనే కనిపిస్తుంది, దాన్ని ఏ బడి ప్రవేశ నియమమూ గమనించకుండా వదలదు. ఈ చిక్కును రస్తఫారీ తల్లిదండ్రులే గుర్తించారు. పిల్లవాడు పెద్దయ్యాక తానే నిర్ణయించుకోవాలని జుట్టును దువ్వి ఉంచే ఇళ్లూ లేకపోలేదు.

జమైకాలో 2018లో సెయింట్ కేథరిన్ జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాల జడలున్న ఐదేళ్ల పాపను చేర్చుకోవాలంటే అవి కత్తిరించాలని షరతు పెట్టింది. ఆ షరతు పాప రాజ్యాంగ హక్కులను భంగపరచలేదని 2020 జులై 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, 2024లో అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసింది. అంతకుముందే కెన్యా హైకోర్టు 2019లో, ఘనా హైకోర్టు 2021లో, మలావీ హైకోర్టు 2023లో రస్తఫారీ విద్యార్థుల పక్షాన నిలిచాయి. ఈ కేసుల్లో బడులు ఎక్కువగా చూపిన కారణాలు శుభ్రతా క్రమశిక్షణా. ఈ కేసులు లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఒక బిడ్డ చదువుకు ఆ బిడ్డ విశ్వాసాన్ని వెలగా కోరే అధికారం బడికి ఎక్కడినుంచి వచ్చిందన్నది.