ట్రాన్సిస్టర్లు: ప్రధాన రకాలు, పనిచేసే విధానం

రాయచూరు జిల్లా సరిహద్దు గ్రామాలలోని పెద్దవారికి ‘ట్రాన్సిస్టర్’ అంటే చేతిలో పట్టుకొని తిరిగే రేడియో. నిజానికి అది ఆ రేడియో లోపల ఉండే మూడు కాళ్ళ చిన్న విడిభాగం పేరు. నేడు సెల్‌ఫోను, ఇన్వర్టరు, ఇండక్షన్ పొయ్యి, సౌర పంపుసెట్టు ఇవన్నీ దాని మీదనే ఆధారపడి నడుస్తున్నాయి. ఏ పరికరంలో ఏ రకం ట్రాన్సిస్టర్ ఉంటుందో, అది ఎందుకు కాలిపోతుందో తెలిసిన కుటుంబం మరమ్మతు సమయంలో అనవసర వ్యయాన్ని, ప్రమాదాన్ని కూడా తప్పించుకోగలదు.

ఆవిర్భావం

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ తొలి ట్రాన్సిస్టర్‌ను రూపొందించారు. మరుసటి ఏడాది విలియం షాక్లీ జంక్షన్ ట్రాన్సిస్టర్ సిద్ధాంతాన్ని అందించారు. ఈ ముగ్గురికీ 1956లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అంతకు ముందు రేడియోలలో గాజు వాల్వులు ఉండేవి. అవి వేడెక్కితేనే పనిచేసేవి, విద్యుత్తును అధికంగా వినియోగించేవి. ట్రాన్సిస్టర్ వచ్చిన తరువాతే కరెంటు లేని పల్లెలో సైతం చిన్న బ్యాటరీలతో రేడియో వినడం సులభమైంది.

పనిచేసే సూత్రం

తుంగభద్ర ఎడమ గట్టు కాలువ తూమును ఉదాహరణగా తీసుకోవచ్చు. తూము తలుపును కొద్దిగా తిప్పితే చాలు, పొలానికి ఎంతో నీరు పారుతుంది. ఆ నీరు కాలువది, తిప్పే చేతిది కాదు. అదే విధంగా ట్రాన్సిస్టర్ విద్యుత్తును పుట్టించదు. బ్యాటరీ నుండి వచ్చే పెద్ద ప్రవాహాన్ని ఒక చిన్న సంకేతంతో అదుపు చేస్తుంది. తలుపును పూర్తిగా తెరచి మూస్తే అది స్విచ్చి. సంకేతానికి అనుగుణంగా హెచ్చించి తగ్గిస్తే అది యాంప్లిఫయర్.

దీనికి ముడిపదార్థం సిలికాన్ వంటి అర్ధవాహకం. కన్నడ మాధ్యమం పిల్లలు దీనినే ‘అరెవాహక’ అని చదువుతారు. శుద్ధ సిలికాన్‌లో స్వల్పంగా ఫాస్ఫరస్ కలిపితే ఎన్ రకం, బోరాన్ కలిపితే పీ రకం ఏర్పడతాయి. ఈ పొరల అమరికను బట్టి ట్రాన్సిస్టర్ రకాలు వచ్చాయి.

1. బైపోలార్ ట్రాన్సిస్టర్

దీని మూడు కాళ్ళు ఎమిటర్, బేస్, కలెక్టర్. బేస్‌కు ఇచ్చే చిన్న ప్రవాహం కలెక్టర్, ఎమిటర్‌ల మధ్య పెద్ద ప్రవాహాన్ని నడుపుతుంది. వృద్ధి 100 రెట్లు అనుకుంటే, బేస్‌లో 1 మిల్లీ ఆంపియర్‌కు కలెక్టర్‌లో 100 మిల్లీ ఆంపియర్లు పారతాయి. సిలికాన్ రకం పనిచేయాలంటే బేస్, ఎమిటర్‌ల మధ్య సుమారు 0.7 వోల్టులు కావాలి. ఇందులో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అని రెండు తెగలు ఉన్నాయి. రెండింటిలో ప్రవాహ దిశలు పరస్పరం వ్యతిరేకం. కనుక ఒకదాని స్థానంలో మరొకదానిని వాడరాదు. అంగడిలో దొరికే బీసీ 547 ఎన్‌పీఎన్, బీసీ 557 పీఎన్‌పీ.

2. ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్

దీని కాళ్ళు గేట్, సోర్స్, డ్రైన్. గేటుకు ప్రవాహం దాదాపు అవసరం లేదు, వోల్టేజీ చాలు. ఈ కుటుంబంలో జేఫెట్, మాస్‌ఫెట్ ముఖ్యమైనవి. 1959లో బెల్ ప్రయోగశాలలోనే రూపొందిన మాస్‌ఫెట్ నేటి కంప్యూటర్లకు, సెల్‌ఫోన్లకు పునాది. ఫోనులోని ఒక్క చిప్‌లోనే ఇవి వందల కోట్ల సంఖ్యలో ఉంటాయి. ఇంటి ఇన్వర్టరులో పెద్ద మాస్‌ఫెట్లు బ్యాటరీ కరెంటును అతివేగంగా తెరచి మూస్తూ ఏసీగా మారుస్తాయి. గేటు కింది పొర అతి పలుచన. చేతి నుండి వచ్చే స్థిర విద్యుత్తుకే అది చెడిపోవచ్చు.

3. ఐజీబీటీ

మాస్‌ఫెట్ వలె వోల్టేజీతో అదుపు, బైపోలార్ వలె అధిక ప్రవాహం ఈ రెండు గుణాలూ ఇందులో కలిశాయి. దీనిని 1980వ దశకం ఆరంభంలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో అభివృద్ధి చేసిన బి. జయంత్ బాలిగా బెంగళూరు సమీపంలోని జాలహళ్ళిలో పెరిగినవారు. ఇందుకు ఆయనకు 2024లో ఫిన్లాండ్‌వారి మిలీనియం టెక్నాలజీ బహుమతి లభించింది. ఇండక్షన్ పొయ్యిలోను, నేటి విద్యుత్ రైలింజన్లలోను ఐజీబీటీలు ఉన్నాయి. సౌర పంపుసెట్టు కంట్రోలరులో సాధారణంగా ఆరు ఐజీబీటీలు పలకల డీసీ కరెంటును మూడు ఫేజుల ఏసీగా మార్చి మోటారును నడుపుతాయి.

మరమ్మతులో తెలుసుకోవలసినవి

ట్రాన్సిస్టర్‌కు ప్రధాన శత్రువు వేడి. రాయచూరు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కంట్రోలరును నీడలో, గాలి ఆడేచోట అమర్చి, వేడిని వెలువరించే అల్యూమినియం రెక్కలపై దుమ్ము పేరుకోకుండా చూడాలి.

విడదీసిన ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్‌ను మల్టీమీటరు డయోడ్ స్థానంలో పరీక్షించవచ్చు. ఎర్ర తీగ బేస్‌కు, నల్ల తీగ మిగిలిన కాళ్ళకు ఒక్కొక్కటిగా తాకిస్తే 0.6 నుండి 0.7 వరకు చూపాలి. తీగలు తారుమారు చేస్తే ఏమీ చూపరాదు. రెండు వైపులా సున్నా చూపితే కాలిపోయినట్లే. పీఎన్‌పీకి ఇది తలకిందులు. ఒక్క ట్రాన్సిస్టరే చెడితే బోర్డు మొత్తం మార్చనవసరం లేకపోవచ్చు. మార్చేటప్పుడు అదే సంఖ్య గలదానిని అడగాలి. అది కాలడానికి కారణమైన లోపాన్ని కూడా సరిచేయించాలి. లేనిచో కొత్తదీ నిలువదు.

కరెంటు ఆపినంత మాత్రాన కంట్రోలరును తెరవరాదు. అందులోని కెపాసిటర్లు కొన్ని నిమిషాల పాటు ప్రాణాంతకమైన వోల్టేజీని నిలుపుకొని ఉంటాయి. ఆ పనిని శిక్షణ పొందిన మెకానిక్కుకే అప్పగించాలి. పిల్లలను దరికి రానీయరాదు.