ఆ నలుగురిలో ముగ్గురు

మంజీత్ కౌర్, సినీ జోస్, అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్. 2010 అక్టోబరు 12న ఢిల్లీ నెహ్రూ స్టేడియంలో 4×400 మీటర్ల రిలే పరుగెత్తింది ఈ నలుగురే. మూడో అంచెలో అశ్విని చిరుతలా దూసుకెళ్లి నైజీరియా అమ్మాయిని దాటేసింది. చివరి అంచెలో మన్‌దీప్ ఆ ఆధిక్యాన్ని గీత దాటేదాకా చేజారనివ్వలేదు. 3 నిమిషాల 27.77 సెకన్లు. 1958లో మిల్ఖా సింగ్ గెలిచాక కామన్వెల్త్ క్రీడల ట్రాక్ మీద మనకు దక్కిన స్వర్ణం అదే. నవంబరులో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనూ ఈ నలుగురే గెలిచారు. ఉడుపి జిల్లా పల్లెలో రైతు బిడ్డగా పుట్టిన అశ్విని అక్కడ 400 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం కూడా అందుకుంది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు.

ఎనిమిది నెలలైనా గడవలేదు.

పటియాలా జాతీయ శిబిరంలో ఉక్రెయిన్ కోచ్ యూరీ ఒగొరొద్నిక్ చైనా నుంచి జిన్‌సెంగ్ మాత్రలు తెచ్చాడు. అలసట తీరుతుందన్నారు, పిల్లలు మింగారు. 2011 వేసవి పరీక్షల్లో అశ్విని, సినీ, మన్‌దీప్ దొరికిపోయారు. వాళ్లతోపాటు జౌనా ముర్ము, ప్రియాంకా పన్వర్, టియానా మేరీ థామస్ కూడా. బయటపడింది నిషిద్ధ స్టెరాయిడ్లు. కోచ్‌ను జులైలోనే పంపించేశారు.

నా బాధంతా ఇక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉండి, వేళకు తిని, రోజూ పరుగెత్తే ఆ వయసు పిల్లలకు అసలా మాత్రల అవసరమేమిటి? జిన్‌సెంగ్ పరుగు వేగాన్ని పెంచుతుందని గట్టి రుజువేదీ లేదు. పైగా సీసా మీద రాసిందే లోపల ఉంటుందన్న నమ్మకం అప్పటికి పదేళ్ల క్రితమే చెదిరిపోయింది. 2000–2001లో జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే, 94 సప్లిమెంట్లలో లేబుల్ మీద లేని స్టెరాయిడ్ పదార్థాలు బయటపడ్డాయి. క్రీడల్ని నడిపే పెద్దలు తెలుసుకోవలసిన సంగతి ఇది. శిబిరంలో ఉండే అమ్మాయి మాత్రం కోచ్ లేవమంటే లేస్తుంది, పరుగెత్తమంటే పరుగెత్తుతుంది, మింగమంటే మింగుతుంది. ఆ వినయమే ఆమెకు పతకాలు తెచ్చిపెట్టింది. అదే ఆమెను ముంచింది.

డోపింగ్ చట్టం ఎవరిచ్చారని ముందు అడగదు. ఒంట్లో దొరికిందంటే బాధ్యత ఆ ఒంటిదే. చట్టం అలాగే ఉండాలి, లేకపోతే ప్రతి మోసగాడూ కోచ్ పేరే చెబుతాడు. అది ఒప్పుకుంటూనే ఈ పిల్లల కోసం కుమిలిపోతాను. 2011 డిసెంబరులో మన దేశపు కమిటీ కాస్త కనికరించి ఏడాది నిషేధంతో సరిపెట్టింది. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య అప్పీలుకు వెళ్లింది. 2012 జులైలో, లండన్ ఒలింపిక్స్ ముంగిట, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. మాత్రలో ఏముందో ఎవరినైనా అడిగి చూడాల్సిన బాధ్యత క్రీడాకారిణిదేనని తేల్చింది.

పరుగుకు పనికొచ్చే ఏళ్లు ఎన్నని? అందులో రెండు అలా పోయాయి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన్‌దీప్, ప్రియాంక రిలే స్వర్ణంతో తిరిగి నిలబడ్డారు. ప్రియాంక 2016లో మళ్లీ డోపింగ్‌లో దొరికింది, ఈసారి ఎనిమిదేళ్లు. ఇంచియాన్‌లో హర్డిల్స్ పరుగెత్తిన అశ్వినికి పతకం అందలేదు.